ఈ మొక్క ఇంతే పెరుగుతుందండి!

పై వీడియోలో నా అరచేతిలో ఉన్నది వీనస్ ఫ్లైట్రాప్, ఈగల్ని పట్టి తినే మొక్క. "అన్నా, ఇదింకా ఎంత పెరుగుద్ది?" అని మా నర్సరీకొచ్చిన ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఇది పెరిగిపోయిందండి! ముదిరిన మొక్కే అడ్డంగా 10 నుంచి 15 సెంటీమీటర్లు. నోరులాంటి బోను అంగుళం దాటితే గొప్ప. విత్తనం వేస్తే ఈ సైజుకి రావడానికి 3 నుంచి 5 ఏళ్లు పడుతుంది.

ఇది తెలియకే నేను మొదటి 12 కుండీలూ పోగొట్టుకున్నాను. అగ్రికల్చర్ డిప్లొమా చేసినవాణ్ని కదా, జీవామృతం పోస్తే లేవనిది ఉంటుందా అనుకున్నాను. పోశాను. రెండు వారాల్లో ఆకులు నల్లబడి, దుంపలు కుళ్లిపోయాయి. డబ్బు సంగతి సరే, "అందరికీ చెప్తావుగా, నీ మొక్కలే చచ్చాయేంట్రా?" అని నాన్న అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

దీని సొంతూరు అమెరికాలోని నార్త్, సౌత్ కరోలినా చిత్తడి నేలలు. అక్కడి మట్టిలో నత్రజని చాలా తక్కువ. ఆ లోటు పురుగులతో తీర్చుకుంటుంది. అందుకే వేళ్లకి ఎరువు పడితే తట్టుకోలేదు. పీట్ మాస్‌లో పెర్లైట్ కలిపి పెట్టి, వాన నీళ్లే పోస్తున్నాను. బోరు నీళ్ల ఉప్పు కూడా పడదు. చలికాలంలో 3 నెలలు నిద్రపోవాలి. మన దగ్గర అంత చలి దొరకడమే కష్టం, కొనేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను.

పొడుగ్గా లేచేది పూకాడ ఒక్కటే. లేత మొక్కకైతే దాన్ని తుంచేస్తాను, లేకపోతే బలమంతా దానికే పోతుంది.