గుడ్డెలుగు ఎదురైతే ముందు ముఖం కాపాడుకోండి!

ఇద్దరు స్నేహితులు అడవిలో పోతుంటే ఎలుగుబంటి ఎదురొచ్చిన కథ మనమంతా చిన్నప్పుడు చదువుకున్నదే. ఒకడు గబగబా చెట్టెక్కేశాడు. రెండోవాడు ఊపిరి బిగబట్టి శవంలా పడుకున్నాడు. ఎలుగు వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది. మొన్న మా ఇంట్లో పిల్లలు అనంతగిరి కొండలకు డేరా వేసుకుని రెండు రోజులు ఉండి వస్తామని బయలుదేరుతుంటే, "ఎలుగు వస్తే ఏం చేస్తార్రా?" అని అడిగాను. ఇద్దరూ ఒకేసారి "చెట్టెక్కుతాం!" అన్నారు.

నవ్వొచ్చింది కానీ, ఆ వెంటనే గుండె ఝల్లుమంది. ఎందుకంటే మన దేశపు ఎలుగు చెట్టెక్కడంలో దిట్ట. తేనెపట్టు కోసం ఎంత ఎత్తుకైనా ఎగబాకుతుంది. పరుగులోనూ మనకన్నా ముందే ఉంటుంది. అంటే కథలో మొదటివాడి ఉపాయం మనకు పనికిరాదు. రెండోవాడి ఉపాయం పనికొస్తుంది గానీ, అందులోనూ ఒక కిటుకు ఉంది. అది చివర్లో చెబుతాను.

అది మనల్ని వేటాడదు

మన జహీరాబాద్ వైపు పల్లెల్లో దీన్ని గుడ్డెలుగు అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు. దీనికి చూపు మందం, వినికిడీ అంతంతే. ముక్కు మాత్రం చాలా చురుకు. దీని తిండి చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, తునికిపండ్లు, నేరేడు, రేగు, సీతాఫలం. పై వరసలో ముందరి రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదలను గాలితో పీల్చేస్తుంది. ఆ చప్పుడులో మునిగిపోయి మనం దగ్గరకు వచ్చినా గమనించదు. తీరా పది అడుగుల దూరంలో మనిషి కనబడేసరికి హడలిపోతుంది. హడలిన ఎలుగు పారిపోదు, మీదపడుతుంది. వేళ్లకు మూడు, నాలుగు అంగుళాల గోళ్లు. మగదయితే నూరు కిలోలు దాటే బరువు.

పిల్లల తల్లి అయితే మరీ ప్రమాదం. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. రెండేళ్లు దాటేదాకా వాటిని వదలదు. మనం మన పిల్లల కోసం ఏం చేస్తామో అదీ అదే చేస్తుంది. అంతే కదండీ!

కాబట్టి అసలు రహస్యం ఇదే. ఎలుగుతో పోరాడి గెలవడం కాదు, దాన్ని హడలెత్తించకుండా ఉండడం.

మనకెక్కడ ఎదురవుతుంది?

"మేం అడవికి పోయేదెప్పుడమ్మా?" అనకండి. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం కాలినడకన వెళ్లేవారు మన ఇళ్లలో ఎందరో! వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారంతా నల్లమల అడవే. తిరుమల మెట్లదారి సంగతీ అంతే. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకున్నాక, భక్తులను గుంపులుగా పంపడం, చేతికి కర్ర ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ దారి పక్కన పెట్టిన కెమెరాలకు ఎలుగుబంట్లు కూడా చిక్కాయి.

అడవికి పోకపోయినా అదే రావచ్చు. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర జీడితోటల్లో ఒక ఎలుగు ఒక రైతును చంపింది. ఆ వెంటనే మరికొందరిని తీవ్రంగా గాయపరిచింది. చివరకు పట్టుకున్నారు గానీ, అదీ బతకలేదు. 2023 ఆగస్టులోనైతే కరీంనగర్‌లో ఇళ్ల మధ్యకే వచ్చేసింది.

ఎలుగును కళ్లారా చూడాలని పిల్లలు పేచీ పెడితే, హంపి వెళ్లినప్పుడు దగ్గర్లోని దరోజి తీసుకెళ్లండి. 1994లో ఎలుగుల కోసమే ఏర్పాటు చేసిన అభయారణ్యం అది. ఎత్తయిన కట్టడం మీద కూర్చుని దూరం నుంచి చూడవచ్చు. ఎలుగును చూడవలసిన దూరం అదే!

బయలుదేరే ముందు

* ఒంటరిగా వద్దు. నలుగురైదుగురు కలిసి, ఒకరికొకరు దగ్గరగా నడవండి. పిల్లలు మధ్యలో ఉండాలి.
* తెల్లవారుజామున, పొద్దుగూకాక అడవిదారి పట్టకండి. ఎలుగు తిరిగే వేళలవి. సీతాఫలాలకో, ఇప్పపువ్వుకో, తునికాకుకో గుట్టెక్కే అక్కచెల్లెళ్లు కాస్త ఎండ పొడిచాకే వెళ్లండి.
* మాట్లాడుకుంటూ, పాటలు పాడుకుంటూ, కర్ర టకటకలాడిస్తూ నడవండి. శ్రీశైలం వెళ్లేవారి శివనామం భక్తికి భక్తి, రక్షణకు రక్షణ. మీ చప్పుడు దూరం నుంచే వింటే ఎలుగే తప్పుకుంటుంది. చెవుల్లో పాటలు పెట్టుకుని నడిచే పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పండి.
* గుహలు, బండల సందులు, పెద్ద పుట్టలు, దట్టమైన పొదల దగ్గరకు పోవద్దు. పుట్ట కొత్తగా తవ్వి ఉంటే వెనక్కి తిరగండి.
* చీకట్లో చెంబు పట్టుకుని పొదల్లోకి వెళ్లడం చాలా ప్రమాదం. కూర్చుని ఉన్న మనిషి ఎలుగుకు కనబడడు. తప్పనిసరైతే టార్చిలైటు, తోడు ఉండాలి.

డేరా దగ్గర వంటింటి జాగ్రత్తలు

ఇది మనకు బాగా తెలిసిన పని. పిల్లలకు పులిహోర, సకినాలు, బెల్లం అరిసెలు కట్టి ఇస్తాం కదా! ఆ వాసనే ఎలుగుకు ఆహ్వానపత్రిక. తినే వస్తువులన్నీ బిగువు మూతల డబ్బాల్లో పెట్టండి. డేరాలో తిండి దాచవద్దు. వంటా, భోజనమూ డేరాకు వంద గజాల దూరంలో కానివ్వండి. అరటితొక్కలు, ఎంగిలి విస్తళ్లు అక్కడే పారేయకుండా సంచిలో మూటకట్టి వెంట తెచ్చుకోండి. సబ్బు, టూత్‌పేస్టు, కొబ్బరినూనెకూ వాసన ఉంటుందని మరవకండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఇదే మాట. యోసెమైట్ పార్కులో తిండి వస్తువులతోపాటు సబ్బు, పేస్టు కూడా రాత్రిపూట ఇనుపపెట్టెలో పెట్టి తీరాలని నియమం. మీరు పంపిన ఆవకాయ సీసా కూడా ఆ పెట్టెలోకే వెళ్లాలి. అక్కడి నల్ల ఎలుగు మీదపడితే ఎదురు తిరగమని, గోధుమరంగు గ్రిజ్లీ అయితే బోర్లా పడుకోమని చెబుతారు. ఎలుగు మారితే ఉపాయం మారుతుంది. ఏ ఊరు వెళ్తే ఆ ఊరి అటవీ సిబ్బంది మాట వినమనండి.

ఎదురైతే?

దూరంగా ఉండి మిమ్మల్ని చూడకపోతే, చప్పుడు చేయకుండా వచ్చినదారినే వెనక్కి వెళ్లిపోండి. ఫోటో మోజు వద్దు.

చూసిందా? పరుగెత్తకండి. వీపు చూపకండి. మెల్లగా మాట్లాడుతూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేయండి. దానికీ దాని పిల్లలకూ మధ్యలో నిలబడకండి. గుంపుగా ఉంటే చెదిరిపోకుండా దగ్గరదగ్గరగా నిలబడండి. మీదికి ఉరికితే అందరూ ఒక్కసారిగా కేకలు వేయండి, కర్రలు ఎత్తి పట్టుకోండి. రాళ్లు రువ్వి రెచ్చగొట్టవద్దు.

ఒంటరిగా చిక్కి, అది మీదపడనే పడితే ఇప్పుడు చెప్పే కిటుకు గుర్తుంచుకోండి. మన ఎలుగు ముఖాన్నీ తలనే పట్టుకుంటుంది. బతికి బయటపడ్డవారిలో కన్ను పోయినవారు, దవడ విరిగినవారు ఉన్నారు. అందుకే కథలో మాదిరి వెల్లకిలా కాదు, బోర్లా పడుకోండి. ముఖం నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లు పెనవేసి మెడ వెనక గట్టిగా పట్టుకోండి. మోచేతులు ముఖానికి రెండుపక్కలా అడ్డు రావాలి. భుజాన సంచి ఉంటే తీయకండి, అది వీపుకు కవచం. కదలకండి. ముప్పు లేదనిపిస్తే చాలామటుకు అదే వెళ్లిపోతుంది. అది బాగా దూరం పోయేదాకా లేవకండి.

గాయమైతే

శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి నెత్తురు ఆపండి. 108కి ఫోన్ చేయండి. నెత్తురు ఎక్కువగా పోకపోతే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కాఫీపొడి, సున్నం, పసరు ఏదీ పెట్టవద్దు. ధనుర్వాతానికి ఇంజెక్షనుతోపాటు, కుక్క కరిచినప్పుడు ఇచ్చే రేబిస్ టీకాలు కూడా తప్పనిసరి. ఫారెస్టు ఆఫీసులో వెంటనే తెలియజేయండి. ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. ఆసుపత్రి కాగితాలన్నీ జాగ్రత్తగా దాచుకోండి.

ఒకప్పుడు ఎలుగును ఆడించేవాడు మన వీధుల్లోకి వస్తే, పిల్లల భయం పోవాలని దాని వీపు మీద కూర్చోబెట్టి, వెంట్రుకతో తాయెత్తు కట్టించేవాళ్లం. ఇప్పుడది చట్టం ఒప్పని పని. ఆ తాయెత్తుకు బదులు ఈ నాలుగు మాటలూ పిల్లలకు నేర్పండి. ఈ సాయంత్రమే చాప పరిచి, బోర్లా పడుకుని మెడ వెనక చేతులు పెట్టుకోవడం ఒకసారి ఆటలా ఆడించండి. మా పిల్లలు నవ్వుకుంటూనే నేర్చుకున్నారు. ఆ తర్వాతే సంచులు సర్ది పంపించాను.