తలలో పిడుగు పడినట్టు నొప్పి వస్తే...

తలనొప్పి ఎరగని మనిషి ఉండడు. కాస్త కాఫీ తాగితేనో, ఓ కునుకు తీస్తేనో తగ్గే నొప్పికి మీరు బెంగపడనక్కరలేదు. కాని పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ ఎరగనంత తీవ్రమైన నొప్పి క్షణాల్లో విరుచుకుపడితే, దానికి వాంతులో, మెడ బిగుసుకోవడమో, మగతో తోడైతే అది మామూలు తలనొప్పి కాదు. మెదడుకు పోయే రక్తనాళం చిట్లి ఉండవచ్చు.

ఎందుకు చిట్లుతుంది?

పాత సైకిలు ట్యూబుకు గాలి కొడితే పలచబడినచోట బుడగ లేస్తుంది చూడండి. ధమనులు చీలేచోట గోడ బలహీనపడితే అటువంటి బుడగే లేస్తుంది. దీన్ని అన్యూరిజమ్ అంటారు. పెద్దవాళ్ళలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉంటుంది. చాలామందిలో జన్మంతా చిట్లదు. రక్తపోటు, చుట్ట, సిగరెట్టు ఆ ప్రమాదాన్ని పెంచుతాయి.

చికిత్స ఏమిటి?

మొదటి పద్ధతి క్లిప్పు. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ దీనికి దారి చూపాడు. కపాలంలో చిన్న కిటికీలా తెరిచి, బుడగ మెడకు లోహపు క్లిప్పు బిగిస్తారు. నేడు ఈ పనంతా మైక్రోస్కోపులో చూస్తూ చేస్తారు. నాళంలో రక్తం యథాప్రకారం పారుతుంది, బుడగలోకి పోదు.

రెండవది 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన కాయిల్. సాధారణంగా తొడ మొదట్లోని ధమనిగుండా సన్నని గొట్టం పంపి, బుడగను ప్లాటినం తీగచుట్టలతో నింపుతారు. లోపల రక్తం గడ్డకట్టి బుడగ మూసుకుపోతుంది.

"తల కొయ్యనిదే మేలు కదండీ?" అని బంధువులు అడుగుతారు. రెంటికీ తగిన రోగులపై జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఏడాది తిరిగేసరికి మరణించినవారు, పరాధీనులైనవారు కలిపి క్లిప్పు పద్ధతిలో నూటికి సుమారు 31 మంది, కాయిల్ పద్ధతిలో 24 మంది. అయితే కాయిల్ వేసిన బుడగ మళ్ళీ తెరుచుకునే అవకాశం ఎక్కువ. అందుకే తరువాత కూడా పరీక్షలు చేయించుకోవాలి. బుడగ ఉన్నచోటు, దాని మెడ వెడల్పు, రోగి వయస్సు చూసి వైద్యులు నిర్ణయిస్తారు.

మీరు చేయవలసింది

ఒకసారి చిట్లిన బుడగ మళ్ళీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. రెండోసారి చిట్లితే ప్రాణం దక్కడం కష్టం. రొంపిచెర్ల వంటి ఊళ్ళలో మిరపచేలో కూలబడిన మనిషిని చూసి వడదెబ్బ అనుకుంటారు. మజ్జిగ తాగించి, నీడన పడుకోబెట్టి, తెల్లారాక చూద్దామంటారు. ఆ రాత్రే విలువైనది. నోట ఏమీ పోయకండి. ఆస్పిరిన్ అసలే వద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, నరసరావుపేటకో గుంటూరుకో, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. ఖర్చు సంగతి దారిలో ఆలోచించవచ్చు. ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

ఆపరేషన్ అయ్యాక కూడా రెండు మూడు వారాలు నాళాలు ముడుచుకుపోయే భయం ఉంటుంది. లేచి కూర్చున్నాడు కదా అని ముందే ఇంటికి తీసుకుపోకండి.