మట్టిపాత్ర మీద దరువు: తావో చింతనలో మరణం

తమిళనాట స్థిరపడిన మన తెలుగువారు ఒక పెద్దాయన పోయారన్న వార్తను ఇంట్లో ‘కాలం చేశారు’ అనీ, ఇరుగుపొరుగుతో ‘కాలమానార్’ అనీ చెబుతారు. కన్నడంలో ఆ మాట ‘కాలవాదరు’. తెలుగులో పోయినవారు కాలం ‘చేస్తారు’; తమిళ, కన్నడాలలో కాలం ‘అవుతారు’. చావు అనే మాటను పలకలేక పక్కకు తప్పుకోవడం మూడు భాషలలోనూ ఉన్నదే. అయితే ‘కావడం’ అనే క్రియ మరొక ఆలోచనకు కూడా చోటిస్తుంది: పోవడమంటే మరొకటి కావడమని. మన భాషలతో సంబంధం లేకుండానే ఈ ఆలోచనను ఒక దర్శనంగా పెంచినవారు ప్రాచీన చీనా దేశపు తావో చింతకులు.

వారిలో ముఖ్యుడు క్రీ.పూ. 4వ శతాబ్దికి చెందిన చువాంగ్‌త్సు. ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన గ్రంథం నేడు 33 అధ్యాయాలుగా లభిస్తున్నది. మొదటి ఏడు మాత్రమే ఆయనవై ఉంటాయని సాధారణంగా భావిస్తారు.

18వ అధ్యాయంలో ఒక కథ ఉంది. చువాంగ్‌త్సు భార్య మరణించింది. మిత్రుడైన హుయ్‌త్సు పరామర్శకు వచ్చేసరికి ఆయన కాళ్లు బారజాపుకొని, మట్టిపాత్ర మీద దరువు వేస్తూ పాడుకుంటున్నాడు. నీతో కాపురం చేసి, బిడ్డలను పెంచి, ముసలిదైన మనిషి పోతే ఏడవకపోవడమే ఎక్కువ, పైగా పాటలా అని మిత్రుడు మందలించాడు.

చువాంగ్‌త్సు సమాధానంలోని మొదటి మాటను మనం తరచు దాటవేస్తాము. ఆమె పోయినప్పుడు తనకూ అందరిలాగే దుఃఖం కలిగిందని ఆయన ఒప్పుకుంటాడు. ఆ తరువాతే మొదటికి వెళ్లి ఆలోచించాడు. ఒకప్పుడు ఆమెకు ప్రాణం లేదు, రూపం లేదు, రూపానికి మూలమైన ‘చీ’ కూడా లేదు. ఏదీ విడివడని ఆదిస్థితిలో మార్పు వచ్చి ‘చీ’ ఏర్పడింది; అది మారి రూపమైంది; రూపం మారి ప్రాణమైంది; ఇప్పుడు మరొక మార్పు, మరణం. ఋతువులు ఒకదాని వెంట ఒకటి వచ్చినట్లే ఇదీ వచ్చింది. అది గ్రహించి ఏడుపు మానాడు.

ఈ కథను తరగతిలో చెప్పినప్పుడల్లా విద్యార్థులు దీనిని గీతతో పోల్చడం మేము గమనించాము. పోలిక సహజమే గాని తేడా పెద్దది. ‘చీ’ని ‘ప్రాణం’ అని అనువదిస్తే దేహాన్ని విడిచి వెళ్లే ఒక వస్తువు మన మనసులో మెదులుతుంది. 22వ అధ్యాయం ప్రకారం ‘చీ’ కూడితే జీవితం, చెదిరితే మరణం. దేహం పోయినా మిగిలే ఆత్మ ప్రసక్తి ఇక్కడ లేదు. ఆత్మకు చావు లేదన్నది గీత ఇచ్చే ఓదార్పు. ఏ రూపమూ నిలవదన్నది చువాంగ్‌త్సు ఓదార్పు. ‘వైరాగ్యం’ అన్న మాటా అతకదు. ఆయన లోకాన్ని వదిలిపెట్టడం లేదు, దాని నడకతో కలిసి నడుస్తున్నాడు.

6వ అధ్యాయంలో, చావుబతుకుల్లో ఉన్న మిత్రుడి చుట్టూ చేరి ఏడుస్తున్న భార్యాబిడ్డలను ఒకడు తప్పుకోమంటాడు. జరుగుతున్న మార్పును కలవరపెట్టవద్దంటాడు. అక్కడి మాట ‘హువా’, అంటే మార్పు. దానితో ఏర్పడిన ‘వూహువా’ అనే సమాసం గ్రాంథిక చీనా భాషలో మరణానికి మర్యాదమాట కూడా అయింది.

ఇదంతా రాతిగుండె వేదాంతమనుకునేవారికి ఆ భాషలోని ఒక జాతీయమే సమాధానం. ‘పాత్ర మీద దరువు వేసిన వేదన’ అంటే చీనా భాషలో భార్యను కోల్పోయిన దుఃఖమని అర్థం. కథలో ఏడుపు ఆగినా, తరతరాల పాఠకులు ఆ దరువులో దుఃఖాన్నే విన్నారు.

కనుక మరణం జరిగిన ఇంటికి వెళ్లి, ఇది సహజం, ఏడవకండి అని చెప్పడానికి ఈ కథను ఆధారం చేసుకోరాదు. ఇందులో ఆ మాట చెప్పింది పరామర్శకు వచ్చినవాడు కాదు, పోగొట్టుకున్నవాడు; అదీ తాను దుఃఖించిన తరువాత.