సోమవారం పొద్దున్నకి బండి కదలాలి!

అమెరికాలో ఏదో ఒక చిన్న ఊరు. శనివారం ఉదయం. ఇళ్ల వీధిలో అలా నడుచుకుంటూ వెళ్తే ఎక్కడో ఒకచోట గ్యారేజీ తలుపు పైకి లేచి ఉంటుంది. లోపల రేడియో మోగుతుంటుంది. బండి కిందినుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తుంటాయి. ఆ బండి చాలాసార్లు కారు కాదు, పికప్ ట్రక్కు. ముందు క్యాబిను, వెనక తొట్టి. మన దగ్గర కూరగాయల బస్తాలూ సిమెంటు కట్టలూ వేసుకుని తిరిగే బండి లాంటిదే. కాకపోతే అక్కడ దాన్ని పనికే కాదు, బడికీ బజారుకీ పెళ్లికీ కూడా వేసుకెళ్తారు. శుక్రవారం సాయంత్రం దాకా నిచ్చెనలూ పైపులూ మోసిన ఆ బండి, శనివారానికి చక్రాలు ఊడదీసుకుని స్టాండ్ల మీద కూర్చుంటుంది. యజమాని దాన్ని తన మనసుకి నచ్చినట్టు మార్చుకుంటున్నాడన్నమాట. ఎత్తు తగ్గించడం, లేదంటే పెంచడం, టైర్లు మార్చడం, రంగు వేయడం... అదో సరదా. కానీ ఆ సరదాకో గడువుంది. సోమవారం పొద్దున్నే అదే బండి పనిలోకి వెళ్లాలి. చాలామందికి ఇంట్లో రెండో బండి ఉండదు మరి!

ప్రదర్శనల్లో మెరిసే బళ్ల గురించి అందరూ చెబుతారు. ఏటా నవంబరులో లాస్‌వేగాస్‌లో జరిగే ‘సెమా’ ప్రదర్శనలో అలాంటివి వరసకట్టి ఉంటాయి. వాటిలో చాలావాటికి వాన చుక్క తగలదు, గుంతలో చక్రం పడదు. అక్కడిదాకా రావడం కూడా ఇంకో బండి మీదెక్కే వస్తాయి. చూడముచ్చటగా ఉంటాయి, కాదనలేం. కానీ రోజూ తిరిగే బండిని, ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో సొంత చేతులతో మార్చుకునేవాడి పని అంతకన్నా కష్టం. వాడికి తప్పు చేసే వెసులుబాటు లేదు.

281 డాలర్లకి తొట్టి

నిజానికి పికప్ పుట్టిందే ఇంటి పనితనంలోంచి. ఫోర్డ్ వాళ్ల మోడల్-టి కారు కొన్న రైతులు వెనక భాగం తీసేసి చెక్క పెట్టె బిగించుకునేవారు. పాలక్యాన్లూ ధాన్యం బస్తాలూ అందులోనే. జనం ఎలాగూ చేసుకుంటున్నారు కదా అని 1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీయే తొట్టి బిగించిన మోడల్-టి అమ్మడం మొదలుపెట్టింది. ధర 281 డాలర్లు. ఇంజిను శక్తి ఇరవై హార్స్‌పవరే. అయినా మొదటి ఏడాదే దాదాపు 34 వేల బళ్లు అమ్ముడుపోయాయి. ఇప్పుడు ఆ కంపెనీ ఎఫ్-సిరీస్ పికప్పులు, 1977 నుంచీ ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడయ్యే ట్రక్కులుగా పేరు నిలబెట్టుకుంటూ వస్తున్నాయి.

తర్వాతి మలుపు చిత్రమైంది. దానికి కారణం కోడి! 1960ల మొదట్లో అమెరికా కోళ్లు ఐరోపాని ముంచెత్తాయి. పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాలు వాటిమీద సుంకం పెంచాయి. దానికి బదులుగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, బయటినుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేశారు. 1964 జనవరి నుంచి అమల్లోకొచ్చిన ఆ పన్నుని ఇప్పటికీ ‘కోడి పన్ను’ అనే పిలుస్తారు. జపాను కంపెనీలు ఊరుకుంటాయా! తొట్టి లేకుండా ఉత్త క్యాబినూ ఛాసిస్సూ మాత్రమే ఓడెక్కించాయి. అలా వస్తే పన్ను నాలుగు శాతమే. తీరం చేరాక తొట్టి బిగించి అమ్ముకునేవారు. 1980లో ప్రభుత్వం ఆ కిటికీ మూసేసింది. సుబారు కంపెనీదైతే మరో తెలివి. ‘బ్రాట్’ అనే తన బండి తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చునే రెండు సీట్లు బిగించి, ఇది ట్రక్కు కాదు, మనుషుల బండి అంది!

ఆ రోజుల్లో దిగిన చవక బుల్లి ట్రక్కులే కాలిఫోర్నియా కుర్రాళ్ల చేతిలో పడ్డాయి. నేలకి అంటుకున్నట్టు ఎత్తు తగ్గించి, ఎవరికివారు రంగులేసుకుని తిప్పడం అక్కడ పెద్ద వేలంవెర్రి అయింది. షెవర్లే పేరుతో 1972లో వచ్చిన ‘లవ్’ అనే బుల్లి పికప్ కూడా నిజానికి జపాను బండే. తయారుచేసింది ఇసుజు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

అంగుళాల లెక్క

పికప్‌ని ఇంట్లోనే మార్చుకోగలగడానికి కారణం దాని నిర్మాణమే. కింద నిచ్చెనలాంటి ఉక్కు ఛాసిస్. దాని మీద క్యాబిను వేరు, తొట్టి వేరు. తొట్టిని పట్టుకుని ఉండేవి ఆరో ఎనిమిదో బోల్టులు. లైట్ల వైర్లూ పెట్రోలు పోసే గొట్టమూ విడదీసి, నలుగురు స్నేహితుల్ని పిలిచి పట్టమంటే తొట్టి పక్కకొచ్చేస్తుంది. ఇప్పటి కార్లలో ఇది కుదరదు.

ఖాళీ పికప్‌ని పక్కనుంచి చూస్తే తోక కాస్త పైకి లేచినట్టుంటుంది. లోపం కాదది. తొట్టిలో బరువు పడ్డాక బండి సమంగా నిలబడాలని కంపెనీవాళ్లు కావాలనే అలా చేస్తారు. చూపుకి అది నచ్చనివాళ్లు ముందు స్ప్రింగుల దగ్గర రెండంగుళాల దిమ్మ పెట్టి ముక్కుని కూడా లేపుతారు. ఒక్క శనివారం పని. బాగానే ఉంటుంది కానీ, ఆ తర్వాత ఇటుకలో ఇసుకో వేస్తే తోక దిగిపోయి ముక్కు ఆకాశం చూస్తుంది. హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాడి కళ్లలో పడతాయి. కాబట్టి దిమ్మ పెట్టినవాడు ఆ సాయంత్రమే లైట్ల మరలు తిప్పి వెలుగు కిందికి దించుకోవాలి. చాలామంది చేయని పని ఇదే!

ఎత్తు తగ్గించడం ఇంకాస్త లోతైన వ్యవహారం. మామూలుగా వెనక ఇరుసు మీద కమాను కట్టలు కూర్చుని ఉంటాయి. కట్ట కిందున్న ఇరుసుని విప్పి కట్ట పైన బిగిస్తే బండి ఒక్కసారిగా అయిదారు అంగుళాలు దిగిపోతుంది. మరి ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఖాళీ ఏది? గుంతలో పడగానే ఇనుము ఇనుముకి కొట్టుకుంటుంది. అందుకని ఆ చోట ఛాసిస్ కింది అంచుని అర్ధచంద్రంలా కోసి, మందపాటి ఉక్కు పట్టీతో బలం కట్టాలి. కొలత తప్పితే బండి వెన్నెముకే పోతుంది. ముందు చక్రాలకైతే ప్రత్యేకంగా చేసిన స్పిండిళ్లు దొరుకుతాయి. స్ప్రింగు జోలికి పోకుండా చక్రాన్ని పైకి జరిపి బండిని దించుతాయి. డబ్బు ఖర్చని స్ప్రింగుని ఓ చుట్టు కోసి పారేసేవాళ్లూ ఉన్నారు. అది పాత చిట్కా, చెడ్డ చిట్కా. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, ఒక్కోసారి కూర్చున్న చోటునుంచి జారుతుంది కూడా.

టైర్ల లెక్క చూడండి. 29 అంగుళాల టైర్లున్న బండికి 31 అంగుళాలవి వేస్తే చక్రం ఒక్క చుట్టుకి దాదాపు ఏడు శాతం ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరుకి ఆ సంగతి తెలీదు. ముల్లు 60 మైళ్లంటే బండి 64 దాటి ఉంటుంది. పోలీసు మామ చేతిలోని యంత్రానికి మాత్రం తెలుసు!

బరువుదీ అంతే. డ్రైవరు తలుపు తెరిస్తే అంచున ఓ స్టిక్కరుంటుంది. మనుషులూ సరుకూ కలిపి ఎంత బరువు దాటకూడదో దానిమీద రాసి ఉంటుంది. 1400 పౌండ్లనే అనుకుందాం. ముగ్గురు మనుషులు 550. మిగిలిన 850లో 80 పౌండ్ల కాంక్రీటు బస్తాలు పది పడతాయి. అందం కోసం ఇనప బంపరూ విన్చీ కలిపి 250 పౌండ్లవి తగిలించారా, ఏడు బస్తాలే. మిగతా మూడింటికీ ఇంకో ట్రిప్పు. ప్రదర్శన బండికి ఈ లెక్క అక్కర్లేదు. తాపీపని చేసేవాడికి అదే కూలీ.

బుధవారం నుంచే మొదలు

అనుభవమున్నవాళ్లు శనివారం కోసం ఆగరు. తుప్పు పట్టిన బోల్టులకి బుధవారం నుంచే రోజూ సాయంత్రం నూనె పట్టిస్తారు. విరిగిపోతాయనుకున్న బోల్టులకి బదులువి ముందే కొనిపెట్టుకుంటారు. ముందు వైపు ఒక వారం, వెనక వైపు ఇంకో వారం. రెండూ ఒకేసారి విప్పరు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత కొత్తగా ఏదీ విప్పకూడదన్నది ఈ పనిలో తలపండినవాళ్లు పెట్టుకున్న కట్టడి. దుకాణాలు మూసేశాక ఒక్క నట్టు తక్కువైనా సోమవారం సెలవు పెట్టాల్సిందే.

మెకానిక్కు దగ్గరికి పంపొచ్చు కదా అంటారేమో. అమెరికాలో గంట మజూరీ వంద డాలర్లు దాటడం మామూలే. మన విజయవాడ ఆటోనగర్‌లోలా తక్కువ మజూరీకి చేసిపెట్టే చేతులు అక్కడ దొరకవు. అందుకే అక్కడి చవకబేరం వేరు. పాత బళ్ల యార్డులు. గేటు దగ్గర కొద్దిపాటి రుసుము కట్టి, సొంత పానాల పెట్టెతో లోపలికెళ్లి, ఎకరాల కొద్దీ నిలబెట్టిన బళ్లలోంచి కావలసిన భాగం తామే విప్పుకుని తెచ్చుకోవచ్చు. మంచి సీటో, పగలని వెనక తలుపో దొరికితే ఆ వారం పండగే.

రంగు దగ్గర తొందర పనికిరాదు. ఉప్పు కాగితంతో రుద్ది, లప్పం పెట్టి, ప్రైమరు కొట్టేసరికి ఆదివారం అయిపోతుంది. మామూలు ప్రైమరు తడిని పీల్చుకుంటుంది. అలాగే వానలో తిప్పితే లోపల తుప్పు మొదలవుతుంది. అందుకే తెలిసినవాళ్లు తడి చొరని ఎపాక్సీ ప్రైమరు వాడతారు. ఒక వారం ఒక తలుపు, మరో వారం ఒక మడ్డుగార్డు. నెలలపాటు బండి రంగురంగుల బొంతలా తిరుగుతుంది. ఎవరూ నవ్వరు. గట్టిపడే రసాయనం కలిపిన మెరుపు పూతల్లో ఐసోసైనేట్లుంటాయి, పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది. దుమ్ము మాస్కు దానికి చాలదు. పైగా చాలా ఇళ్లలో నీళ్లు కాగే గ్యాస్ హీటరు గ్యారేజీలోనే ఉంటుంది. దాని చిన్న మంట చాలు, పెయింటు ఆవిరి అంటుకోవడానికి.

ఇంకొక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. జాకీ బండిని ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. ఎత్తాక స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరినవాడు ప్రాణం పణం పెట్టినట్టే.

చక్రాలు బిగించాక కూడా పని అయిపోదు. ఎత్తు మారితే చక్రాల కోణం మారుతుంది. అలైన్‌మెంటు చేయించకుండా తిప్పితే కొత్త టైర్ల అంచులు నెలల్లో అరిగిపోతాయి. కొత్త చక్రాల నట్లని యాభై, వంద మైళ్లు తిరిగాక మళ్లీ బిగించాలి. చాలామంది ఆ పని సోమవారం భోజన విరామంలో, పనిచేసేచోట పార్కింగులోనే కానిచ్చేస్తారు.

ఎంతవరకు సొంతం?

బండి నాది, నా ఇష్టం అంటే అక్కడా చెల్లదు. ముక్కు బాగా లేపి తోక దించే ‘స్క్వాట్’ అనే పద్ధతి కరోలినా రాష్ట్రాల్లో పాకింది. డ్రైవరుకి ఎదురుగా ఉన్న రోడ్డే కనిపించనంత ఎత్తు! వెనకకన్నా ముందు భాగం నాలుగంగుళాలో అంతకు మించో ఎత్తుండకూడదని నార్త్ కరోలినా 2021 డిసెంబరు నుంచి చట్టం అమలు చేసింది. వర్జీనియా, సౌత్ కరోలినా తర్వాత అదే బాట పట్టాయి. టెక్సస్‌లో మాత్రం సొంత వాహనాలకి ఏటా చేసే భద్రతా తనిఖీ 2025 జనవరి నుంచి ఎత్తేశారు. అంటే అక్కడ బండి భద్రంగా ఉందో లేదో చూసుకోవలసింది ఇక విప్పి బిగించినవాడే. కొనుగోలుదారుకి అనుకూలమైన చట్టమూ ఒకటుంది. బయటి భాగం వాడినంత మాత్రాన వారంటీ పోయిందని కంపెనీ అనడానికి 1975 నాటి చట్టం ఒప్పుకోదు. ఆ భాగం వల్లే బండి చెడిందని కంపెనీయే చూపించాలి.

మన దగ్గర దారి చాలా ఇరుకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది కాబట్టి మారిస్తే అక్కడా మార్పించాలి. ఇంతకుముందు చెప్పిన ఇసుజు, 2016లో మన శ్రీసిటీలో కర్మాగారం తెరిచి పికప్పులు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆనాడు కాలిఫోర్నియా కుర్రాళ్లు కోసి, దించి ఆడుకున్న బండి చేసిన కంపెనీయే ఇది. ఇక్కడ తయారైన దాని ఎత్తు అలా మారిస్తే చట్టం ఒప్పుకోదు.

అయినా మనవాళ్లకి ముచ్చట లేకపోలేదు. 2005లో టాటా ఏస్ వచ్చి ‘చోటా హాథీ’గా ఊరూరా తిరగడం మొదలైనప్పటినుంచీ చూస్తూనే ఉన్నాం. కొన్న వారానికల్లా కుచ్చుల తెర, మెరిసే సీటు కవర్లు, అద్దానికి నిమ్మకాయా మిరపకాయలూ, తొట్టి వెనక తలుపు మీద వంకీలు తిరిగిన అక్షరాలతో ‘అమ్మ దీవెన’. ఆ అక్షరాలు కుంచెతో రాసే పెయింటర్ల దగ్గర మధ్యాహ్నం దాకా బండి ఆపుకుని, ఆరీ ఆరకముందే మిర్చి లోడుకి పరిగెత్తినవాళ్లు మన గుంటూరు యార్డు చుట్టుపక్కల ఎంతమందో!