కబడ్డీ కోర్టులో మోకాలు

కబడ్డీలో మోకాలు దెబ్బతినే ఘట్టాలు చాలావరకు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. బోనస్ గీత కోసమో, మూలనున్న డిఫెండర్‌ను తాకడానికో రైడర్ కాలు చాస్తాడు. డిఫెండర్ ఆ చీలమండను రెండు చేతులా ఒడిసిపట్టుకుంటాడు. రైడర్ మధ్యగీత వైపు ఒళ్లు తిప్పేలోపే మరొకరు పక్కనుంచి డ్యాష్ ఇస్తారు. పాదం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది, తొడ తిరిగిపోతుంది. ఆ మెలిక భారమంతా మధ్యలో ఉన్న కీలు మీద పడుతుంది. ఎవరూ తాకకపోయినా, పరుగు మధ్యలో కాలు నిలదొక్కి హఠాత్తుగా వెనక్కి మళ్లినప్పుడు కూడా ఇదే జరగవచ్చు.

మోకాలు ప్రధానంగా ముడవడానికీ చాపడానికీ ఏర్పడిన కీలు. మెలిక తిరగడానికి దానికున్న వీలు కొద్దిపాటిదే. తొడ ఎముకనూ కాలి ఎముకనూ నాలుగు ముఖ్యమైన లిగమెంట్లు కలిపి ఉంచుతాయి. వాటిలో రెండు కీలు లోపల ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి, మిగతా రెండు చెరో పక్కన ఉంటాయి. లోపలి జంటలో ముందుది ఏసీఎల్. కాలి ఎముక ముందుకు జారకుండా, మరీ మెలిక పడకుండా ఆపేది అదే. మోకాలికి బయటి వైపు నుంచి దెబ్బ తగిలి కీలు లోపలికి వంగితే లోపలి పక్క లిగమెంట్, అంటే ఎంసీఎల్, సాగుతుంది లేదా తెగుతుంది. రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెనిస్కస్‌లు రెండు. అవి బరువును పంచుతాయి, కుదుపును తట్టుకుంటాయి. ఎంసీఎల్ చాలావరకు దానంతటదే అతుక్కుంటుంది. పూర్తిగా తెగిన ఏసీఎల్ అలా అతుక్కోవడం అరుదు. మెనిస్కస్‌కు బయటి అంచులోనే రక్తప్రసారం బాగా ఉంటుంది కాబట్టి అక్కడి చీలిక మానినట్టు లోపలి చీలిక మానదు. ‘మోకాలికి దెబ్బ’ అనే ఒక్క మాట కింద ఇన్ని వేర్వేరు గాయాలున్నాయి. ఒకడికి పనిచేసిన వైద్యం ఇంకొకడికి పనిచేయకపోవడానికి కారణం అదే.

ఆట మట్టి నుంచి మ్యాట్ మీదికి మారడంతో మోకీలు మీద పడే భారం కూడా మారింది. మట్టిలో పాదం కాస్త జారుతుంది. చర్మం చీరుకుపోతుంది గానీ కీలుకు ఆ మేరకు ఊరట. మ్యాట్ మీద బూటు పట్టు గట్టిది. వేగం పెరుగుతుంది, పాదం మాత్రం తిరగదు. సంక్రాంతి పోటీల్లో మట్టి మీద ఆడిన కుర్రాళ్లు వారం తిరక్కుండా మ్యాట్ మీదికి వస్తుంటారు. అలా వచ్చేవారికి కొత్త నేలకు అలవాటుపడేందుకు కొన్ని రోజుల సాధన ఇవ్వడం శిక్షకుడి పని. గుంతలు, రాళ్లు ఉన్న మట్టి కోర్టు, అతుకుల దగ్గర లేచిన మ్యాట్ రెండూ ప్రమాదమే. ఆట మొదలయ్యే ముందు కోర్టంతా ఒకసారి నడిచి చూస్తే వాటిలో చాలావరకు బయటపడతాయి.

గాయాలను ముందే నివారించడం మీద ఫుట్‌బాల్‌లో గట్టి పరిశోధన జరిగింది. ఫిఫా వైద్యులు రూపొందించిన ‘ఎలెవెన్ ప్లస్’ అనే ఇరవై నిమిషాల వార్మప్‌ను నార్వేలో టీనేజీ అమ్మాయిల జట్లపై పరీక్షించి, ఫలితాలను 2008లో ప్రకటించారు. గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. నెమ్మది పరుగు, ఒంటికాలిపై నిలకడ, గుంజీల వంటి కసరత్తులు, ఎగిరి మెత్తగా దిగడం, పరిగెడుతూ దిశ మార్చడం, అంతే. దిగేటప్పుడు మోకాలు లోపలికి కూలకుండా పాదం వేళ్ల దిశలోనే వంగాలన్నది అందులో మూలసూత్రం. తొడ వెనక కండరాలకు చేసే నార్డిక్ కసరత్తుకు ఏ పరికరమూ అక్కర్లేదు. ఆటగాడు మోకాళ్ల మీద నిలబడతాడు, తోటివాడు వెనకనుంచి చీలమండలు అదిమి పట్టుకుంటాడు, ఒళ్లు నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలాలి. ఆ కండరాలు ఏసీఎల్‌కు తోడుగా కాలి ఎముకను వెనక్కి పట్టి ఉంచుతాయి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటల్లో మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఏసీఎల్ తెగడం రెండు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి అమ్మాయిల జట్లకు ఈ సాధన మరీ అవసరం. ఇలాంటి వార్మప్ నెలకోసారి చేస్తే ఫలితం ఉండదు. వారానికి రెండు మూడుసార్లు, సీజన్ పొడవునా చేయాలి. చాలా జట్లు తప్పేది ఇక్కడే.

దెబ్బ తగిలిన క్షణంలో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. లోపల టప్‌మన్న చప్పుడు, అడుగేస్తే మోకాలు జారిపోతున్న భావన, రెండు మూడు గంటల్లోనే బాగా వాపు రావడం ఏసీఎల్ తెగిన సూచనలు. ఆ వాపుకు కారణం కీలులోకి చేరిన రక్తం. వాపు మర్నాటికి నెమ్మదిగా వచ్చి, కాలు పూర్తిగా చాపలేక ఇరుక్కుపోతుంటే మెనిస్కస్‌ను అనుమానించాలి. కీలు వంకర తిరిగినా, పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా మోకాలు వెనక రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు గంటలే కీలకం, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

మిగతా సందర్భాల్లో ఆట ఆపి, గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పెట్టి, సాగే కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచితే మొదటి సాయానికి చాలు. అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్ 1978లో ప్రచారంలోకి తెచ్చిన ఈ సూత్రంలో విశ్రాంతి, ఐస్‌ల పాత్రను ఆయనే తర్వాత సవరించుకున్నాడు. నొప్పి తగ్గించడానికి ఐస్ పనికొస్తుంది. రోజుల తరబడి కదలకుండా పడుకోవడం మాత్రం తొడ కండను కరిగిస్తుంది. అన్నిటికన్నా చెరుపు చేసేది తాజా గాయం మీద నూనె రాసి గట్టిగా మాలిష్ చేయడం, ‘కీలు సర్దుతాం’ అంటూ కాలు లాగడం. లోపల తెగిందో లేదో తెలియకుండా లాగితే చిన్న చీలిక పెద్దదవుతుంది. నొప్పి మందు వేసుకుని అదే మ్యాచ్‌లో మళ్లీ కూతకు దిగడమూ అంతే.

ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే చెబుతుంది. లిగమెంట్ సంగతి వైద్యుడి చేతి పరీక్షలోనే చాలావరకు తెలుస్తుంది, ఎంఆర్ఐ దాన్ని ఖాయపరుస్తుంది. ఏసీఎల్ తెగిన ప్రతివారికీ ఆపరేషన్ తప్పదనుకోవడం పొరపాటు. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీయువకులపై జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. ముందు వ్యాయామ చికిత్స, అవసరమైతేనే ఆపరేషన్ అన్న బృందంలో దాదాపు సగం మందికి అయిదేళ్ల తర్వాత కూడా ఆపరేషన్ అవసరం పడలేదు. అయితే వృత్తి క్రీడాకారులు అందులో లేరు. మెలికలే ప్రాణమైన కబడ్డీకి మళ్లీ రావాలనుకునేవారికి ఎక్కువమంది వైద్యులు ఆపరేషనే సూచిస్తారు. తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింది నుంచో తీసిన స్నాయువును తెగిన లిగమెంట్ స్థానంలో అమరుస్తారు.

అమర్చిన స్నాయువు మొదటి నెలల్లో బలపడదు సరికదా, ముందు బలహీనపడుతుంది. తర్వాతే నెమ్మదిగా లిగమెంట్‌గా మారుతుంది. నొప్పి పోయింది కదా అని అయిదో నెలలో కోర్టులో దిగేవారికి మళ్లీ తెగేది అందుకే. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో తేల్చిన లెక్క ప్రకారం తొమ్మిది నెలల వరకు ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే అవకాశం దాదాపు సగం తగ్గుతూ వస్తుంది. రైడర్ పవన్ సెహ్రావత్ 2022 అక్టోబరులో తమిళ్ తలైవాస్ తరఫున తొలి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి ప్రో కబడ్డీ సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. ఏడాది తర్వాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టుకు అతడే కెప్టెన్. అదే నెల వేలంలో తెలుగు టైటాన్స్ అతడికి 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పెట్టింది. అంత వెనుదన్ను లేని జిల్లా ఆటగాడికి ఫిజియోథెరపిస్టు దొరకడమే కష్టం. అయినా మళ్లీ ఆటలోకి రావడానికి కొలతలు మాత్రం అందరికీ ఒకటే. గాయపడిన కాలి తొడ బలం రెండో కాలి బలంలో కనీసం తొంభై శాతానికి రావాలి, ఒంటికాలి గెంతుల దూరమూ అంతే.

ఆ కొలతలు అందుకున్నాక కూడా తిరిగి రావడం మెట్లు మెట్లుగానే. ముందు తిన్నని పరుగు, తర్వాత మలుపులు, ఆ తర్వాత ఎవరూ తాకని ఉత్తుత్తి కూత, అటుపై ఒక్క డిఫెండర్‌తో పట్టు, చివరికి ఏడుగురి మధ్యకు.