థార్‌ని ఎన్ని అంగుళాలు లేపొచ్చు?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల ఎక్కువగా వినిపించేవి పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర. వాటి మధ్య ఎవరైనా డిఫరెన్షియల్, క్యాంబర్, క్యాస్టర్ అంటూ మాట్లాడుకుంటుంటే ఏఎంవీఐకి చదివే మెకానికల్ బ్యాచ్ అని అనుకోవచ్చు. 2022లో టీఎస్‌పీఎస్సీ (ఇప్పుడు టీజీపీఎస్సీ) 113 అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు ప్రకటించినప్పుడు అశోక్‌నగర్, నారాయణగూడ హాస్టళ్లలో ఉండే ఇంజినీరింగ్ కుర్రాళ్లు చాలామంది మళ్లీ ఆటోమొబైల్ పుస్తకాలు దుమ్ము దులిపారు. జనరల్ స్టడీస్ ఎలాగూ అందరితో పాటు చదవాల్సిందే. తేడా వచ్చేది ఆటోమొబైల్ పేపర్‌లోనే.

ఆ పేపర్లోని సస్పెన్షన్ చాప్టర్ బయట ప్రపంచంలో ఎలా ఎదురవుతుందో చూడండి. మీ బావ థార్ కొన్నాడు. ‘‘నువ్వు మెకానికల్ కదరా, లిఫ్ట్ రెండు అంగుళాలు వేయించనా, నాలుగా?’’ అని ఫోన్ చేశాడు. ఏం చెబుతారు?

అంగుళాల లెక్క దగ్గరే ఆగిపోతే పప్పులో కాలేసినట్టే. లిఫ్ట్ వేస్తే బండిలో ఏది పైకి లేస్తుంది, ఏది లేవదు అన్నది ముందు తేల్చుకోవాలి. థార్‌కి వెనుక సాలిడ్ యాక్సిల్ ఉంటుంది. అంటే డిఫరెన్షియల్ హౌసింగ్ ఇరుసుతో పాటు చక్రాల మధ్యే ఉంటుంది. స్ప్రింగులు ఎంత పొడవైనవి వేసినా పైకి లేచేది ఛాసిస్, బాడీ మాత్రమే. ఆ హౌసింగ్‌కీ నేలకీ మధ్య ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. అది పెరగాలంటే పెద్ద టైరు వేయాల్సిందే. అదీ సగమే. టైరు వ్యాసం రెండు అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక్క అంగుళమే. ‘‘నాలుగు అంగుళాల లిఫ్ట్ వేయించినా రాయి తగిలింది’’ అని వాపోయేవాళ్ల బాధ చాలావరకు ఇదే.

మరి లిఫ్ట్ దేనికి? పెద్ద టైరు ఫెండర్‌కి రాసుకోకుండా చోటు ఇస్తుంది. గట్టు ఎక్కేటప్పుడు బంపర్, దిగేటప్పుడు బండి మధ్య భాగం తగలకుండా కోణాలు పెంచుతుంది. థార్‌కి కంపెనీ ఇచ్చిందే 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 41.8 డిగ్రీల అప్రోచ్ యాంగిల్. వికారాబాద్ అనంతగిరి వైపు వారాంతాల్లో వెళ్లొచ్చేవాళ్లకి ఇది తక్కువేమీ కాదు. వానాకాలం నల్లరేగడిలో బండి దిగబడితే బయటికి తీసేది టైరు పట్టు, డిఫరెన్షియల్ లాకే. ఎత్తు పెంచినంత మాత్రాన బురదలో పట్టు రాదు.

ఇక ముందు వైపు కథ వేరు. థార్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, డబుల్ విష్‌బోన్. డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి లిఫ్ట్‌తో అది పైకి వెళ్తుంది. కానీ చక్రాలు కిందే ఉంటాయి కదా! దాంతో రెండింటినీ కలిపే డ్రైవ్ షాఫ్టులు ఏటవాలుగా మారి సీవీ జాయింట్ల కోణం పెరుగుతుంది. రబ్బరు బూట్లు చిరుగుతాయి, గ్రీజు పోతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటక శబ్దం మొదలవుతుంది. బాల్ జాయింట్లకీ ఇదే తిప్పలు. క్యాంబర్, టో మారిపోతాయి కాబట్టి అలైన్‌మెంట్ చేయించకుండా బండి బయటికి తీస్తే టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి.

జిమ్నీ అయితే ముందూ వెనకా రెండూ రిజిడ్ యాక్సిళ్లే. అక్కడ సీవీ జాయింట్ గొడవ ఉండదు. కానీ బాడీ లేచేకొద్దీ ముందు ఇరుసు కొద్దిగా తిరిగి క్యాస్టర్ కోణం తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం మందగిస్తుంది, హైవే మీద బండి అటూ ఇటూ లాగుతున్నట్టు ఉంటుంది. ఇరుసు పక్కకు జరగకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్ పొడవు మారదు కాబట్టి ఇరుసే కాస్త ఒక పక్కకి జరుగుతుంది. మంచి కిట్‌లో క్యాస్టర్ సరిచేసే బుష్‌లు, అడ్జస్ట్ చేయగల రాడ్ ఇచ్చేది ఇందుకే. కమాన్ పట్టీల బండి అయితే మరో లెక్క. పట్టీ ఒకటి అదనంగా వేసి లేపితే బండి గట్టిపడి, ఖాళీగా ఉన్నప్పుడు ఎగిరెగిరి పడుతుంది.

అందరూ మరచిపోయేది బ్రేకులు. ఇరుసుకి వెళ్లే బ్రేక్ హోస్ పొడవు చాలకపోతే చక్రం గుంతలోకి జారినప్పుడు సాగుతుంది. కొన్ని బళ్లలో వెనుక బరువును బట్టి బ్రేక్ ప్రెషర్ మార్చే వాల్వ్ ఉంటుంది. ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య దూరమే దానికి గుర్తు. లిఫ్ట్‌తో ఆ దూరం పెరిగితే బండి ఖాళీగా ఉందనుకుని అది వెనుక బ్రేకుకి ప్రెషర్ తగ్గిస్తుంది. బండి నిండా మనుషులుంటారు, వాల్వ్‌కి మాత్రం ఆ సంగతి తెలియదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. బండి బోల్తా పడే గుణాన్ని అంచనా వేయడానికి ట్రాక్ వెడల్పును గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తారు. ట్రాక్ 1500, గరిమనాభి ఎత్తు 700 మిల్లీమీటర్లు అనుకుంటే 1.07 వస్తుంది. ఎత్తు 740 అయితే 1.01. కాగితం మీద చిన్న తేడానే. ఓఆర్ఆర్ దిగే ర్యాంపు వంపులో ఎవరైనా అడ్డొచ్చి స్టీరింగ్ గబుక్కున తిప్పాల్సి వస్తే చిన్నది కాదు. ఇంకోటి: 31 అంగుళాల టైరు తీసి 33 వేస్తే మీటర్ 80 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా వెళ్లేది దాదాపు 85. రెండూ పరీక్షలో అడగదగ్గ లెక్కలే.

కాబట్టి బావకి చెప్పాల్సిన వరుస ఇది. మొదట మంచి ఆల్ టెరైన్ టైర్లు, అదీ కంపెనీ సైజులోనే. తర్వాత కింద రాళ్లు తగిలే చోట స్కిడ్ ప్లేట్. అప్పటికీ చాలదనిపిస్తేనే లిఫ్ట్ మాట. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి రెండు అంగుళాలు దాటడం నా దృష్టిలో దండగ. స్ప్రింగు కింద ముక్క పెట్టి పాత షాకబ్జర్లనే ఉంచే చౌక పద్ధతి అసలొద్దు. షాకబ్జర్ అప్పటికే సగానికి పైగా సాగి ఉంటుంది, చక్రం కిందికి జారేందుకు చోటు మిగలదు. ప్రతి గుంతకీ ‘ధన్’మని కొడుతుంది. స్ప్రింగులకు తగ్గ పొడవున్న షాకబ్జర్లు కలిపి ఇచ్చే కిట్టే నయం. బండి మీద ఎప్పుడూ ఎంత బరువుంటుందో చెప్పి స్ప్రింగు గట్టిదనం ఎంచుకోవాలి.

అయితే వీటన్నిటికన్నా ముందు చట్టం ఉంది, ఏఎంవీఐ అభ్యర్థికి అసలు పని ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ‘మార్పు’ అంటే బండి మౌలిక స్వరూపాన్ని మార్చేలా నిర్మాణంలో చేసిన మార్పు అని చట్టమే వివరించింది. లిఫ్ట్ అన్న మాట అందులో లేదు. కానీ బండి మొత్తం ఎత్తు కంపెనీ ఆమోదం పొందిన కొలతల్లో ఒకటి. దుకాణంలో కిట్ దొరుకుతోంది కదా అని అది చట్టబద్ధం అయిపోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట చూసేవాటిలో ఇలాంటి మార్పులు ఉంటాయి. క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసిందీ సెక్షన్ 52ను చూపించే.

ఈ చాప్టర్‌ని నోట్స్‌లో బొమ్మలు చూసి బట్టీ పడితే గుర్తుండదు. ఆదివారం తెలిసిన గ్యారేజీలో బండి లిఫ్టు మీద ఉన్నప్పుడు కిందికి వెళ్లి నిలబడండి. పాన్‌హార్డ్ రాడ్ ఏ చివర ఛాసిస్‌కి, ఏ చివర ఇరుసుకి బిగించారో వేలు పెట్టి చూడండి. బ్రేక్ హోస్ ఎంత వదులుగా ఉందో, సీవీ బూట్ మీద పగుళ్లున్నాయో చూడండి. ఫోన్‌లో ఫొటో తీసుకుని సాయంత్రం లైబ్రరీకి వచ్చాక సిలబస్ పక్కన పెట్టుకుని ఒక్కో భాగానికి పేరు రాయండి. బావకి ఆ ఫొటోలే పంపిస్తే సగం సందేహాలు తీరిపోతాయి.