దేవుడు కొట్టేసిన పద్దు

ప్రభువు బల్ల దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మనం ఒక పాత్రను అందుకుంటాం. తన రక్తం వలన కలిగే 'క్రొత్త నిబంధన' అని ప్రభువే దానికి పేరు పెట్టాడు (లూకా 22:20). ఆ మాటలో మనకు దక్కినదేమిటి?

సీనాయి కొండ దగ్గర మోషే నిబంధన రక్తాన్ని ప్రోక్షించినప్పుడు, దేవుడు చెప్పినవన్నీ చేస్తామని ఇశ్రాయేలీయులు మాట ఇచ్చారు (నిర్గమ 24). మోషే కొండమీద ఉన్న 40 రోజుల్లోనే బంగారు దూడకు మొక్కారు. లోపం ధర్మశాస్త్రంలో లేదు, మనిషి హృదయంలో ఉంది.

యెరూషలేము క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను చేతిలో కూలిపోయింది. ఆ చీకటి కాలపు ప్రవక్త యిర్మీయా క్రొత్త నిబంధనను ప్రకటించాడు (31:31-34). ధర్మవిధి హృదయం మీద రాయబడుతుంది. అల్పులు, ఘనులు అందరూ దేవుణ్ణి ఎరుగుతారు. ఆయన వారి పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోడు. హెబ్రీ పత్రిక 8వ అధ్యాయం ఈ భాగాన్ని మొత్తంగా ఎత్తి చూపింది.

హెబ్రీ మూలంలో ఆ చివరి వాగ్దానం 'ఎందుకంటే' అన్న మాటతో మొదలవుతుంది. అంటే మిగతావాటన్నిటికీ క్షమాపణే పునాది. మనం మంచివాళ్లమయ్యాక దొరికే బహుమానం కాదది. సర్వం తెలిసిన దేవుడికి మతిమరుపు లేదు. సిలువలో వెల చెల్లిపోయింది గనుక ఆ పద్దును ఆయన మళ్లీ తెరవడు.

అయినా మనలో కొందరు ఎప్పుడో ఒప్పుకుని విడిచిపెట్టిన పాపాన్ని తలచుకుని నేటికీ బల్లకు దూరంగా కూర్చుంటున్నారు. ప్రియులారా, దేవుడు కొట్టేసిన పద్దును మీరెందుకు చదువుతున్నారు? ధైర్యంగా రండి.

మరికొందరం పాత్ర అందుకుంటూనే ఎదుటివాడి పద్దు దాచుకుంటున్నాం. పొలం గట్టు తగాదా, పెళ్లిలో జరిగిన అవమానం, సంఘ కమిటీ ఎన్నికల్లో వచ్చిన పంతం... ఏళ్లు గడిచినా పక్క బెంచీలోని సహోదరుడికి వందనం చెప్పలేకపోతున్నాం. పేదలను ఆకలితో వదిలి తామే ముందుగా భోంచేసిన కొరింథు సంఘస్థులను పౌలు గద్దించింది ఈ బల్ల విషయంలోనే (1 కొరింథీ 11).

క్షమించడమంటే అన్యాయాన్ని కప్పిపుచ్చడం కాదు. తప్పు చేసినవాడు సరిదిద్దుకోవాలి, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. కాని పగను మాత్రం మనం పట్టుకుని ఉండకూడదు. వచ్చే సంస్కారపు ఆదివారానికి ముందే ఆ ఇంటి గడప తొక్కుదాం. హృదయం మీద దేవుడు రాసిన రాత లోకానికి కనబడేది అక్కడే.